వాడుక మాటే ఆడపిల్ల పేరైతే: తరచుగా అడిగే ప్రశ్నలు

వెన్నెల, వేకువ, చెలిమి, తొలకరి. ఇలా మనం రోజూ మాట్లాడే, లేదా కనీసం విన్న తెలుగు మాటనే కూతురికి పేరుగా పెట్టాలనుకునే తల్లిదండ్రుల కోసం ఈ జవాబులు. అర్థం బాగుందా లేదా అన్నది మీరు ఈపాటికే చూసుకుని ఉంటారు. పేర్లు తేడా కొట్టేది మాత్రం అర్థం దగ్గర తక్కువ, వాక్యంలో పడ్డాకే ఎక్కువ. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాక్యానికే ఇచ్చాం.

వాడుక మాటలు ఆడపిల్లలకే ఎక్కువగా పేర్లవుతాయి. ఎందుకని?

ఒక కారణం వ్యాకరణంలో ఉంది. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ క్రియ ఒకటే. "సుజాత వచ్చింది", "బస్సు వచ్చింది". మగవాడికే "వచ్చాడు" అని వేరుగా ఉంటుంది. కాబట్టి "వెన్నెల వచ్చింది" అన్న వాక్యంలో ఒక్క అక్షరం మార్చకుండానే వెన్నెల అమ్మాయి అయిపోతుంది. అదే మాట అబ్బాయికి పెడితే "వెన్నెల వచ్చాడు" అనాలి, చెవికి కాస్త ఎగుడుదిగుడుగా తగులుతుంది.

ఈ సౌకర్యమే చిక్కు కూడా. "వచ్చింది" అన్నప్పుడు వచ్చింది అమ్మాయో వానో వాక్యం చెప్పదు. పైగా మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. రాసినప్పుడు కూడా పేరేదో, మాటేదో కంటికి తేడా తెలియదు.

ఇదంతా కొత్త పోకడ కాదా?

కాదు. బంగారమ్మ, ముత్యాలమ్మ, చిలకమ్మ, చుక్కమ్మ, వరాలు, రత్నాలు అన్నీ ఇంట్లో వినిపించే మాటలే. కవయిత్రి ఆతుకూరి మొల్ల పేరు మల్లె జాతి పువ్వు పేరు. ముత్యాలు, వరాలు లాంటి పేర్లలో ఒక చమత్కారం ఉంది: మాట బహువచనం, మనిషి ఏకవచనం. "ముత్యాలు వచ్చాయి" అంటే నగల కొట్టు నుంచి, "ముత్యాలు వచ్చింది" అంటే పక్కింటి నుంచి. ఇక్కడ పేరునూ మాటనూ క్రియే విడదీస్తుంది.

అయితే పాత పేరులో కనిపించే ప్రతి మాటా వాడుక మాట కాదు. మల్లమ్మ అన్నచోటల్లా మల్లెపువ్వు లేదు, చాలాచోట్ల ఉన్నది శ్రీశైలం మల్లన్న.

ఇందులో చీకటి కోణం కూడా ఉంది. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో దిష్టి తగలకూడదని, మృత్యువు కన్ను పడకూడదని పెంటమ్మ, భిక్షమమ్మ వంటి పేర్లు పెట్టేవారు. అక్కడ ఉద్దేశం బిడ్డను కాపాడుకోవడమే. మహారాష్ట్రలో వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇళ్లలో పెట్టిన "నకుశా" అలాంటిది కాదు, దాని అర్థమే "అక్కర్లేనిది". 2011 అక్టోబరులో సతారా జిల్లాలో ఆ పేరున్న 285 మంది ఆడపిల్లలకు అధికారికంగా కొత్త పేర్లు పెట్టారు.

ఒక మాట పేరుగా పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

కాగితం మీద చూస్తే తేలదు. వారం రోజుల పాటు ఇంట్లో నోటితో వాడి చూడాలి. కింది నాలుగు పరీక్షలూ అందుకే. కష్టమైనది మొదట చెబుతున్నాం.

మొదటిది చెడ్డ క్రియల పరీక్ష. మాటను "పోయింది, పడింది, తగ్గింది, ఆరిపోయింది, లేదు" అన్న అయిదింటి ముందూ పెట్టి చదవండి. "వాన పడింది", "వాన తగ్గింది" అని ఇంట్లో ఏడాదికి ఎన్నిసార్లంటారో లెక్కేసుకోండి. "వెలుగు పోయింది" విన్నా ఇబ్బందే, అది అన్నది బల్బు గురించే అయినా. ఈ పరీక్షలో పాత పేర్లు కూడా తప్పుతాయి: "ఇంట్లో శాంతి లేదు", "ఆశ పోయింది", "జ్యోతి ఆరిపోయింది". అయినా ఆ పేర్లు నిలబడ్డాయి. ఆ మాటలు పేర్లుగా ఎంతగా పాతుకుపోయాయంటే, వినగానే ముందు మనిషే గుర్తొస్తుంది. కొత్త పేరుకు ఆ రక్షణ ఇంకా రాలేదు. కాబట్టి ఆ మాట రోజుకు ఎన్నిసార్లు మామూలు అర్థంలో వాడతారన్నదే అసలు లెక్క. వేకువ, తెమ్మెర, కూరిమి అందరికీ తెలిసిన మాటలే, కానీ రోజూ నోట్లో నానవు. అవి సులువుగా గట్టెక్కుతాయి. నీళ్లు, వెలుగు, గాలి గట్టెక్కవు.

రెండోది పిలుపు. తెలుగులో పిలిచేటప్పుడు చివరి అచ్చు సాగుతుంది: వెన్నెలా, సిరీ, చెలిమీ. సాగిన రూపం ఇంకో మాట కాకూడదు. "అల" చక్కటి మాట, కానీ పిలిస్తే "అలా" అవుతుంది. "ఇల" పిలిస్తే "ఇలా". కవలలకు ఈ రెండూ పెట్టారంటే ఆ ఇంట్లో దారి చెప్పినట్టే ఉంటుంది తప్ప పిల్లల్ని పిలిచినట్టు ఉండదు. అలాగే నవ్వు, వెలుగు నామవాచకాలే కాదు, ఆజ్ఞలు కూడా. ఏడుస్తున్న పిల్లను "నవ్వూ" అని పిలిస్తే ఓదార్పో, హుకుమో అర్థం కాదు.

మూడోది విభక్తులు. పేరు చివర కి, తో, లో, చెప్పులు, పుస్తకం తగిలించి చూడండి. "వేకువకి చెప్పు", "వేకువ చెప్పులు" ఎక్కడా విరగలేదు. కానీ కొన్ని తెలుగు మాటలు విభక్తి ముందు రూపం మార్చుకుంటాయి: ఏరు ఏటి అవుతుంది, నీరు నీటి అవుతుంది, పగలు పగటి అవుతుంది. సెలయేరు అని పేరు పెడితే "సెలయేటి పుస్తకం" అనాలా, "సెలయేరు పుస్తకం" అనాలా? మొదటిది అంటే ప్రవాహం, రెండోది అంటే తప్పు తెలుగులా వినిపిస్తుంది. సున్నాతో ముగిసే మాటలదీ ఇదే ఇబ్బంది. "ముత్యానికి ఇవ్వు" అంటారా, "ముత్యంకి ఇవ్వు" అంటారా? ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా అంటారు.

నాలుగోది వయసు. అమ్మ, అక్క, గారు, మేడమ్, అత్తయ్య తగిలించండి. వెన్నెలక్క, వెన్నెల గారు, వెన్నెల మేడమ్ అన్నీ నడుస్తాయి. చిట్టి, బుజ్జి, చినుకు ఉయ్యాల దగ్గర బాగుంటాయి. "చినుకు గారు సంతకం పెట్టాలి" అని ఒకసారి పైకి అనుకుని చూడండి. కూరిమి, చెలిమి మంచి పేర్లే, కాకపోతే "కూరిమమ్మ" అనాలంటే నాలుక తడబడుతుంది. అమ్మ తగిలించి పిలిచే ఊరైతే అది గమనించుకోవాలి.

"ఉ"తో ముగిసే మాటలు పెట్టకూడదా?

పెట్టకూడదని ఏ నియమమూ లేదు. మనకు అలవాటైన ఆడపిల్లల పేర్లు ఎక్కువగా "అ"తో గానీ "ఇ"తో గానీ ముగుస్తాయి. "ఉ" అచ్చ తెలుగులో మామూలు నామవాచకాల ముగింపు (చెట్టు, పువ్వు, మెరుపు, మబ్బు). అందుకే "ఉ" వినగానే చెవి వస్తువు వైపు పోతుంది. మెరుపు, చినుకు, మబ్బు ముద్దుపేర్లుగా దివ్యంగా నిలుస్తాయి. బడి రిజిస్టరులోకి ఎక్కించే పేరు విషయంలోనే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

మంచి మాటలు ఎక్కడ దొరుకుతాయి?

పేర్ల పుస్తకాల్లో తక్కువ, నిఘంటువుల్లో ఎక్కువ. అందరూ మరిచిపోయిన గని ఒకటుంది: "ఇమి"తో ముగిసే భావవాచకాలు. కలిమి (సంపద), చెలిమి (స్నేహం), కూరిమి (ప్రేమ), ఓరిమి, తాలిమి (రెండూ సహనమే), పేరిమి (గొప్పతనం). చివర "ఇ" ఉంది, అర్థం మంచిది, రోజువారీ మాటల్లో తగలవు. కలిమికి ఒక్క ఇబ్బంది ఉంది: "కలిమి లేములు" అన్న జంట వల్ల దాని వెనకే లేమి కూడా వస్తుంది.

కాలాన్నీ ఆకాశాన్నీ చెప్పే మాటల్లో ఆమని (వసంతం), తొలకరి (తొలి వానల కాలం), వేకువ, పున్నమి, జాబిలి, తెమ్మెర (చల్లగాలి) ఉన్నాయి. వెన్నెలలోని "నెల" చంద్రుడే. నెలకు చంద్రుడన్న అర్థం, ముప్ఫై రోజుల అర్థం రెండూ ఉన్నాయి.

ఎంచుకున్న మాటకు అన్ని అర్థాలూ చూడండి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం రెంటినీ ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. కొమ్మ అంటే మనకు చెట్టు కొమ్మ, కావ్యాల్లో స్త్రీ కూడా. ఇంతి, పడతి, మగువ కూడా స్త్రీ అనే అర్థమున్నవే. అమ్మాయికి "అమ్మాయి" అని పేరు పెట్టినట్టవుతుంది, అది మీకు సమ్మతమైతే సరే. ఇక నిఘంటువుకు ఎక్కని అర్థాలు కాలేజీ గోడల దగ్గర ఉంటాయి. పిట్ట, చిలక అన్న మాటల్ని పోకిరీలు ఎలా వాడతారో పదహారేళ్ల పిల్లల్ని అడిగితే చెబుతారు.

సంధ్య, నది, కవిత లాంటివి కూడా వాడుక మాటలే కదా?

అవును. సంస్కృతం నుంచి వచ్చినా ఇప్పుడవి మన మాటలే. సంస్కృతంలో ఇలాంటి చాలా స్త్రీలింగ పదాల చివర దీర్ఘం ఉంటుంది (సంధ్యా, నదీ), తెలుగులోకి వచ్చేసరికి హ్రస్వమవుతుంది (సంధ్య, నది). అధికార పత్రాల్లో హ్రస్వంతోనే రాయించండి. హిందీ చూసి రాసేవారు "సంధ్యా" అని దీర్ఘం పెడుతుంటారు.

జన్మ నక్షత్రం అక్షరంతో మొదలవ్వాలంటున్నారు. వాడుక మాటల్లో దొరుకుతాయా?

చాలా పాదాలకు దొరుకుతాయి. మృగశిర ఒకటో పాదం "వే"కి వేకువ, వెన్నెల. రోహిణి రెండో పాదం "వా"కి వాన. అశ్విని రెండో పాదం "చే"కి చెలిమి. ఆర్ద్ర ఒకటో పాదం "కూ"కి కూరిమి. విశాఖ నాలుగో పాదం "తో"కి తొలకరి. శతభిషం మూడో పాదం "సీ"కి సిరి. ఉత్తరాషాఢ మూడో పాదం "జా"కి జాబిలి. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా పాటించాలా అన్నది మీ పురోహితుణ్ణే అడగండి, ఎక్కువమంది పాటించరు.

దొరకని పాదాలూ ఉన్నాయి. ఆర్ద్రలో ఘ, ఙ, ఛ, హస్తలో ష, ణ, ఠ, పూర్వాషాఢలో ధ, ఫ, ఢ వస్తాయి. అచ్చ తెలుగు మాటలు ఒత్తక్షరాలతో మొదలు కావు. ష, ణ, ఙలతో అసలే కావు. అక్కడ వెతికి లాభం లేదు. నామకరణం రోజు చెవిలో చెప్పే పేరు ఒకటి, పిలిచే పేరు మరొకటి పెట్టుకోవడమే అందరూ చేస్తున్న పని. జనన ధ్రువపత్రంలో మాత్రం రెండోదే రాయించండి.

ఇంగ్లిషులో స్పెల్లింగ్ ఎలా రాయాలి?

ఇంగ్లిషు అక్షరాల్లో ల, ళ ఒకటే. న, ణ ఒకటే. ఎ, ఏ ఒకటే. అ, ఆ ఒకటే. అందుకని "కల" రాస్తే (కె, ఎ, ఎల్, ఎ) చదివేవాడు కళ అనొచ్చు, హిందీవాడు కాలా, అంటే నలుపు, అనొచ్చు. "వాన"కు ఒక్క ఎ పెడితే వన అవుతుంది, రెండు పెడితే వాన. ఆ రెండో ఎ ఒక పత్రంలో ఉండి ఇంకో పత్రంలో లేకపోతే అవి ఇద్దరు వేర్వేరు మనుషుల పత్రాలవుతాయి. అందుకే ముందు ఒక్కటి తేల్చుకోండి, తర్వాత దాన్నే అన్నిచోట్లా రాయండి.

"త"కు మన దగ్గర టి, హెచ్ కలిపి రాస్తారు, ఉత్తరాదిలో ఒక్క టి. తేనె, తొలకరి, తాలిమి లాంటి పేర్లకు ఏది రాసినా ఎవరో ఒకరు తప్పు పలుకుతారు. పిల్ల ఎక్కువగా ఉండబోయే చోట నడిచే పద్ధతినే ఎంచుకోండి.

"పూ"తో మొదలయ్యే పేరుకు పి తర్వాత రెండు ఓలు వద్దు, యు రాయండి. ఇంగ్లిషు బడిలో చిన్నపిల్లలకు ఆ రెండు ఓల మాటకు మలం అని అర్థం, అయిదేళ్ల వయసులో దాన్ని ఎవరూ వదిలిపెట్టరు.

హిందీ, తమిళం మాట్లాడేచోట ఈ పేర్లు ఏమవుతాయి?

హిందీ లిపిలో హ్రస్వ ఎ, ఒ లేవు, పదం చివరి "అ" పలకరు. వెన్నెల "వేన్నేల్" అవుతుంది, కలువ "కలువ్" అవుతుంది. హిందీలో రాయాల్సి వచ్చినప్పుడు చివర దీర్ఘం పెట్టించండి, లేకపోతే పేరు తోక తెగుతుంది. తమిళంలో వెణ్ణిలా అనే ఆడపిల్లల పేరు ఉంది కాబట్టి వెన్నెల అక్కడ పరాయిది కాదు. దేశం దాటాక "వెనిల్లా" అని ఆటపట్టించడం ఖాయం. అంతకంటే పెద్ద ప్రమాదమేమీ లేదు.

రెండు మాటలు కలిపి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కలిపి రాయండి. "సిరి వెన్నెల" అని మధ్యలో ఖాళీ వదిలితే ఏదో ఒక ఫారంలో వెన్నెల ఇంటిపేరు అయి కూర్చుంటుంది.

సిరి అని పెడితే ఫోన్ పలుకుతోంది. ఏం చేయాలి?

2011లో ఆపిల్ ఫోన్లలో ఆ పేరుతో సహాయకురాలు వచ్చింది. మొదట బటన్ నొక్కితే లేచేది, తర్వాత "హే సిరి" అన్నా లేచేది. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి ఉత్త "సిరి"కీ లేచే వీలు పెట్టారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి "హే సిరి" మాత్రమే ఎంచుకుంటే చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా ఆపేయనూ వచ్చు. మీ ఫోన్లో ఆపినా బళ్లో టీచరు ఫోన్లో ఉంటుంది, అది వేరే సంగతి. సిరి మాట మాత్రం శ్రీ నుంచి వచ్చిన పాత తెలుగు మాట, లక్ష్మి పేరు. ఫోన్‌కు భయపడి వదులుకోనక్కర్లేదని మా అభిప్రాయం.

ఇంకో యంత్రంతో జాగ్రత్త: ఆటోమేటిక్ అనువాదం. అది పేరును అర్థంలోకి మార్చేస్తుంది. ఆశను "హోప్" చేస్తుంది, వెన్నెలను "మూన్‌లైట్" చేస్తుంది. ఏ దరఖాస్తునైనా యంత్రంతో అనువదిస్తే ముందు పేరు గడి చూసుకోండి.

జనన ధ్రువపత్రంలో పేరు ఎప్పటిలోగా ఎక్కించాలి?

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి. అప్పటికి పేరు తేలకపోయినా ఫర్వాలేదు, పేరు లేకుండానే నమోదవుతుంది. ఆ తర్వాత 12 నెలల్లోపు రుసుము లేకుండా, 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించవచ్చు. అంటే పైన చెప్పిన పరీక్షలకు మీకు ఏడాది గడువుంది. నామకరణం రోజు కంగారు పడి మున్సిపాలిటీకి పరుగెత్తక్కర్లేదు.

అలాగని నిర్లక్ష్యమూ వద్దు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరిక మొదలు డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడిన అక్షరమే అన్నిచోట్లకూ పాకుతుంది.

ఆధార్ దగ్గర వాడుక మాటలకు ప్రత్యేకమైన గండం ఉంది. ఆపరేటరు ఇంగ్లిషులో కొడతాడు, సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగులోకి మారుస్తుంది. "వాన" వన అయ్యేది, "చెలిమి" చేలిమి అయ్యేది అక్కడే. సంతకం పెట్టే ముందు తెలుగు వరుసను అక్షరం అక్షరం చదివి, తప్పుంటే అప్పుడే దిద్దించండి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో రెండే అవకాశాలు.

పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే చాలదా?

చాలదు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో ఆ ఒక్క పేరే ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. పాస్‌పోర్టులో ఒక్కటే పేరున్నవారిని సందర్శక వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరు 21 నుంచి అమలు చేసింది. ఇంటిపేరును పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. వాడుక మాట పేరున్నవారికి ఇంకో లాభం కూడా ఉంది: నెట్‌లో "వెన్నెల" వెతికితే చంద్రుడు, కవితలు వస్తాయి, ఇంటిపేరు కలిపితేనే మనిషి దొరుకుతుంది.

ఫలానా మాట పేరుగా చెల్లదని ప్రభుత్వం అనొచ్చా?

భారతదేశంలో ఆమోదించిన పేర్ల జాబితా అంటూ లేదు. కొన్ని దేశాల్లో ఉంది. ఐస్‌లాండ్‌లో ఒక తల్లి కూతురికి "బ్లైర్" అని పేరు పెట్టింది, పిల్లగాలి అని అర్థం. ఆ పదం వాళ్ల వ్యాకరణంలో పుంలింగం కాబట్టి ఆడపిల్లకు కుదరదని పేర్ల కమిటీ తోసిపుచ్చింది. పదిహేనేళ్ల పాటు అధికార పత్రాల్లో ఆమె పేరు "అమ్మాయి" అనే ఉంది. 2013 జనవరి 31న రేక్యవిక్ కోర్టు ఆ పేరును ఆమెకే ఇచ్చింది.

పెద్దయ్యాక అమ్మాయికి నచ్చకపోతే?

మార్చుకోవచ్చు: అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, గెజిట్‌లో ప్రచురణ, ఆ తర్వాత ఒక్కో పత్రంలో సవరణ. పదో తరగతి మెమోకు ముందైతే పని సగం తగ్గుతుంది, ఎందుకంటే ఆ తర్వాతి చదువు కాగితాలన్నీ ఆ మెమోలోని పేరునే పట్టుకుని నడుస్తాయి. అందుకని తొమ్మిదో తరగతిలో, పరీక్ష రాసే పిల్లల జాబితా (నామినల్ రోల్స్) బడి నుంచి వెళ్లేలోపు, పేరూ స్పెల్లింగూ రెండూ నీకు సమ్మతమేనా అని ఒకసారి ఆ పిల్లనే అడగండి.